ఒక్క లైన్లో పేజీ లాగేస్తారట!

"పీహెచ్‌పీలో ఫైల్_గెట్_కంటెంట్స్ ఉండగా ఇంత కోడెందుకండీ, ఒక్క లైన్లో పేజీ వచ్చేస్తుంది కదా" అంటారు మనవాళ్ళు. వస్తుంది, ఎందుకు రాదు! యూజరిచ్చిన అడ్రసుని యథాతథంగా దానికి అందిస్తే మీ కాన్ఫిగ్ ఫైలూ, అందులోని డేటాబేస్ పాస్‌వర్డూ కూడా వస్తాయి. లోకల్ ఫైళ్ళు చదివే ఫంక్షనే మరి అది!

పైగా ఆ రిక్వెస్టు వెళ్ళేది ఫైర్‌వాల్ లోపలినుంచి.. 2019లో క్యాపిటల్ వన్ కొంప ముంచింది ఇదే. బయటివాడు అడగ్గానే సర్వరే వెళ్ళి 169.254.169.254 నుంచి క్లౌడ్ తాళంచెవులు తెచ్చిచ్చింది. 10 కోట్లమందికి పైగా జనం వివరాలు పోయాయి.

"మాది ఇంటర్నల్ టూల్ లెండి" అనకండి. లోపలే కదా అసలు సరుకుండేది! ఏ హోస్టులకి వెళ్ళొచ్చో లిస్టు రాసి మిగతావి ఆపండి. రీడైరెక్టైతే మళ్ళీ చెక్ చెయ్యండి. అంత ఓపిక లేదా, ఆ ఫీచరే పీకెయ్యండి.