వాడు తాగలేదు

వాడు తాగలేదు.

మొన్న సాయంత్రం అమీర్‌పేట మెట్రోలో, రైలు మారే చోట మెట్ల మీద మమ్మల్ని చూసి పక్కకు జరిగారు చూడండీ, మీకే చెబుతున్నాను. నా కొడుక్కి 17 ఏళ్లు. చెయ్యి వణుకుతుంది. అడుగు తూలుతుంది. మాట ముద్దగా వస్తుంది, చొంగ కారుతుంది. "ఈ వయసుకే మొదలెట్టాడు" అన్నాడొకాయన. మీరు నవ్వారు.

ఎందుకు నవ్వారు?

పక్కనే తల్లి ఉంది కదా. నా చేతిలో స్కానింగ్ కవరుంది కదా. పంజాగుట్ట అక్కణ్నుంచి ఒక్క స్టేషను. అలాంటి కవర్లు పట్టుకుని అక్కడి నిమ్స్ ఆసుపత్రికి పోయేవాళ్లను ఆ దారిలో మీరు రోజూ చూడటం లేదా?

వాడి జబ్బు పేరు విల్సన్ డిసీజ్. తిండిలో వచ్చే రాగిలో మిగిలినదాన్ని కాలేయం బయటికి పంపేయాలి. వాడి కాలేయానికి అది చేతకాదు. పుట్టుకతోనే చేతకాదు. ఆ రాగి కాలేయంలో పేరుకుని, మెదడుకెక్కి, కాలూ చెయ్యీ వాడి మాట వినకుండా చేసింది. నిన్న మొన్న పుట్టిన జబ్బు కాదిది. డాక్టర్ కిన్నియర్ విల్సన్ 1912లోనే వివరంగా రాసిపెట్టాడు. 1956లో డాక్టర్ జాన్ వాల్ష్ పెనిసిలమిన్ అనే మందు వాడి చూపించాడు. రక్తంలో సెరులోప్లాస్మిన్ అనే ప్రోటీన్ చూస్తారు, 24 గంటల మూత్రంలో రాగి కొలుస్తారు, స్లిట్ ల్యాంప్ పెట్టి నల్లగుడ్డు అంచున గోధుమరంగు వలయం ఉందేమో వెతుకుతారు.

మందుంది. వింటున్నారా? మందుంది!

మరి జబ్బు పేరు తేలేలోపు పోయిన మా మూడేళ్లు ఎవరు తిన్నారు?

చేతిరాత చెడితే బద్ధకమని వేళ్ల మీద బెత్తంతో కొట్టిన టీచరు, పరీక్షలో పేపరు నింపలేకపోతే ఫోను పిచ్చి అన్న ట్యూషన్ సారు, కామెర్లొస్తే పసరు పోయించి చేతులు దులుపుకున్న చుట్టాలు, గాలి సోకిందని తాయెత్తు కట్టించిన మేనత్త, మేనరికమే చేసుకోవాలని పట్టుబట్టి ఇప్పుడు నా కడుపునే తప్పుపడుతున్న పెద్దలు, రెండు నిమిషాలు చూసి చదువు టెన్షన్ అని నిద్రమాత్రలు రాసిన డాక్టరు, చేతిలో గ్లాసు వణికి నీళ్లు ఒలికాయని మళ్లీ పెళ్లికి పిలవని బంధువులు, మా పిల్లలు జడుసుకుంటున్నారని ఇల్లు ఖాళీ చేయమన్న ఓనరు, తాగుబోతును ఎక్కించుకోనని దించేసిన ఆటో డ్రైవరు, నడవలేని పిల్లాణ్ని సర్టిఫికెట్ కోసం మూడుసార్లు తిప్పించిన ఆఫీసు, ఫోన్లు తీసి వీడియో పట్టుకున్న కుర్రాళ్లు, ఆఖరికి మెట్ల మీద మీరు.

ఒక్కరు. ఒక్కరంటే ఒక్కరు "అమ్మా, నరాల డాక్టరుకు చూపించండి" అని ఉంటే?

2016 దివ్యాంగుల హక్కుల చట్టంలో దీర్ఘకాలిక నాడీ జబ్బుల పేరు కూడా ఉంది. అదే చట్టం 92వ సెక్షన్ ప్రకారం, నలుగురిలో దివ్యాంగుణ్ని కావాలని అవమానిస్తే తక్కువలో తక్కువ ఆరు నెలలు, ఎక్కువైతే అయిదేళ్లు జైలు. మీకు తెలుసా? తెలిస్తే నవ్వేవారా? చట్టం ఉందని తెలిస్తే తప్ప నవ్వు ఆగదా?

అదే అమీర్‌పేటలో, మైత్రీవనం చుట్టూ ఉన్న కోచింగ్ సెంటర్లలో ఏ కొత్త కోర్సు వచ్చినా నెలలో నేర్చుకుంటారు. తూలుతున్న పిల్లాడికి మోచెయ్యి అందించడానికి ఎన్ని నెలలు కావాలి?

పాపం అనకండి. మీ జాలి నాకొద్దు. మీ క్లాసులో బాగా రాసే పిల్లాడి రాత ఉన్నట్టుండి పిచ్చిగీతలైతే బెత్తం తీయకండి. మీ ఇంట్లో కుర్రాడి మాట తడబడుతుంటే తాయెత్తు కట్టకండి. డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి. ఈ వారమే.

తల్లీ తండ్రీ ఇద్దరి దగ్గర్నుంచీ చెడ్డ జన్యువు వస్తేనే ఈ జబ్బు. తోబుట్టువుకు నాలుగింట ఒక వంతు ముప్పు. అందుకే వాడికి తేలగానే చెల్లికీ పరీక్ష చేయించాం. దానికీ ఉంది. దానికి 12 ఏళ్లు. ఇంకా వణుకు మొదలవలేదు, మందు మొదలైంది. బతికినన్నాళ్లూ మానకూడదు. రాత్రి దాని నోటుబుక్కు తీసి చూశాను. అక్షరాలు గీత మీదే నిలబడ్డాయి. వాడి అక్షరాలు నిలబడవు.

ఇద్దరిదీ ఒకే జబ్బు. వాడికి పోయింది ఆ మూడేళ్లే.