మొగామి కొండ కాదు, నది

యుద్ధనౌకల గేములాడే కుర్రాళ్లని కదిపి చూడండి. జపాన్ క్రూజర్ల ఫిరంగుల సైజు మిల్లీమీటర్లతో సహా అప్పజెబుతారు. సాఫ్ట్‌వేర్ ఆఫీసుల్లో ఆ బాపతు ఎక్కువే, నేనూ అందులో ఒకణ్ణి. కానీ ఆ క్రూజర్లే ఒకప్పుడు మన కొల్లేటి నీళ్లు ఉప్పుటేరు మీదుగా వెళ్లి కలిసే సముద్రంలోకి వచ్చాయంటే, ఏలూరులో చాలామంది "నిజమాండీ?" అని అడుగుతారు.

నిజమే. 1942 ఏప్రిల్ 5న జపాన్ విమానాలు కొలంబో మీద బాంబులేశాయి. మర్నాడు, ఏప్రిల్ 6న, విశాఖపట్నం మీదా కాకినాడ మీదా పడ్డాయి. ఈ రెండో దెబ్బ వేరే దళానిది. దాని నాయకుడు అడ్మిరల్ జిసబురో ఒజావా. ఆయన దగ్గర ర్యూజో అనే చిన్న విమానవాహక నౌక, చోకాయ్, మొగామి, మికుమా, సుజుయా, కుమానో అనే ఐదు భారీ క్రూజర్లు, యురా అనే తేలికపాటి క్రూజరు, కొన్ని డిస్ట్రాయర్లు ఉన్నాయి.

ఇక్కడో తమాషా ఉంది. జపాన్ వాళ్లు భారీ క్రూజర్లకు కొండల పేర్లు, తేలికపాటి వాటికి నదుల పేర్లు పెట్టేవారు. చోకాయ్ కొండే. మరి మొగామి, మికుమా, సుజుయా, కుమానో? నాలుగూ నదులే! భారీ క్రూజర్లకు నదుల పేర్లెలా వచ్చాయి?

దీనికి కారణం 1930 నాటి లండన్ ఒప్పందం. 155 మిల్లీమీటర్లు దాటిన ఫిరంగి ఉంటే భారీ క్రూజరు, లోపుంటే తేలికపాటిది అని గీత గీశారు. భారీ వాటిలో జపాన్ కోటా అప్పటికే నిండిపోయింది. అందుకని మొగామి తరగతి ఓడలకు 155 మిల్లీమీటర్ల ఫిరంగులు పదిహేను పెట్టి, "తేలికపాటివేనండీ, 8,500 టన్నులే" అని లోకానికి చెప్పారు. అసలు బరువు అంతకన్నా చాలా ఎక్కువ. తర్వాత ఒప్పందాల్లోంచి బయటికొచ్చి, 1939-40లో ఆ ఫిరంగులు పీకేసి 203 మిల్లీమీటర్లవి పది బిగించారు. పీకినవాటిలో కొన్ని యమాటో అనే మహా యుద్ధనౌక మీదికెక్కాయి. పేరు మాత్రం మార్చలేదు. మా భాషలో చెప్పాలంటే, డాక్యుమెంట్‌లో ఒకటి, ప్రొడక్షన్‌లో ఇంకోటి.

తక్కువ బరువులో ఎక్కువ ఇరికిస్తే ఊరికే పోదు. 1935 సెప్టెంబరులో జపాన్ నౌకాదళం పెద్ద తుపానులో చిక్కుకుంది. కొత్త మొగామి వెల్డింగ్ అతుకులు దెబ్బతిన్నాయి. తరగతి మొత్తాన్నీ సరిచేయాల్సి వచ్చింది.

అలా సరిచేసిన ఓడలు బంగాళాఖాతంలోకి వచ్చి ఎవరితో పోరాడాయి? యుద్ధనౌకలతో కాదు, సరుకు ఓడలతో. దళం మూడుగా చీలి తీరం వెంట వేటాడింది. వారం తిరక్కుండా 20కి పైగా వర్తక నౌకలు, లక్ష టన్నులకు పైగా, మునిగాయి. మొగామి, మికుమా ఉన్న దక్షిణ భాగం డార్డానస్, గాండారా, ఇండోరా అనే బ్రిటిష్ ఓడల్ని ముంచింది. అలాంటి ఓడల్లో బొగ్గు వేసేవాళ్లు, తాళ్లు లాగేవాళ్లు ఎక్కువగా మన దేశపు కళాసీలే. తీరంలో జనం మూటాముల్లె సర్దుకుని లోపలి పల్లెలకు పోయారు.

మన తాడేపల్లిగూడెంలోనూ ఆ యుద్ధం గుర్తు ఒకటుంది. బ్రిటిష్ వాళ్లు అప్పట్లో వేసిన రన్‌వే. ఇప్పుడు గూడెం అంటే బెల్లం, ఉల్లిపాయల మార్కెట్టు, ఎన్ఐటీ గుర్తొస్తాయి. రన్‌వే ఎందుకేశారో అడిగేవాళ్లు తక్కువ.

ఆ ఓడల గతేమైందంటారా? మికుమా సరిగ్గా రెండు నెలలకు, జూన్‌లో, మిడ్‌వే దగ్గర మునిగింది. ర్యూజో ఆగస్టులో, యురా అక్టోబరులో పోయాయి. మొగామి, సుజుయా, చోకాయ్ మూడూ 1944 అక్టోబరు 25న, ఒకే రోజు, ఫిలిప్పీన్స్ దగ్గర మునిగాయి. కుమానో ఆ మరుసటి నెలలో.

ఇవన్నీ తేదీలతో సహా దొరుకుతున్నాయంటే ఎవరో రాసిపెట్టారు కాబట్టే. మునిగిన కళాసీల పేర్లు, బాంబుల భయంతో ఊరొదిలిన కుటుంబాల సంగతులు అలా దొరకవు. ఆనాడు పదేళ్లున్నవాళ్లకు ఇప్పుడు తొంభై దాటాయి. మీ ఇంట్లోనో, పక్కింట్లోనో అలాంటి తాతయ్యో మామ్మగారో ఉంటే ఈ ఆదివారం వెళ్లి కూర్చోండి. జపాన్ బాంబుల సంగతి అడగండి. ఫోన్‌లో రికార్డింగ్ నొక్కి పక్కన పెట్టండి, మధ్యలో అడ్డు తగలకుండా వినండి. వచ్చే ఏడాదికి వాయిదా వేయదగ్గ పని కాదండీ ఇది.