గుర్తు కింది అంకెలు

పోయిన వారం మా మనవరాలి రెండో పుట్టినరోజుకి ఎవరో మెత్తటి కుక్కపిల్ల బొమ్మ తెచ్చారు. పెట్టె విప్పిన కాసేపటికే పిల్ల దాని కన్ను పీకి నోట్లో పెట్టుకుంది. వాళ్లమ్మ చూసి వేలు పెట్టి తీసింది గనక గండం గడిచింది. "సర్టిఫికెట్ ఉన్న బొమ్మే కదా మావయ్యగారూ, పెట్టె మీద గుర్తు కూడా ఉంది" అంది కోడలు, ఇంకా వణుకుతూనే.

గుర్తు ఉన్న మాట నిజమే. సీఈ అని రెండు అక్షరాలు. అది ఐరోపా వాళ్ల గుర్తు. బొమ్మల్లాంటి చాలా సరుకులకు దాన్ని ఏ ప్రభుత్వమూ వెయ్యదు. 'మా వస్తువు మీ నిబంధనలకు సరిపోతుంది' అని తయారు చేసినవాడే పూచీ పడి వేసుకుంటాడు. ఆ పూచీని అడిగి నిలదీసే అధికారులు అక్కడున్నారు, ఇక్కడ లేరు. మన దేశంలో అమ్మే బొమ్మకు ఆ అక్షరాలు రక్షణ కావు.

మనకు కావలసింది ఐఎస్ఐ గుర్తు. 2021 జనవరి 1 నుంచి బొమ్మలకు అది తప్పనిసరి, ఇక్కడ చేసినా ఓడెక్కి వచ్చినా. విదేశీ ఫ్యాక్టరీ అయితే ఆ గుర్తు ఇచ్చే భారతీయ ప్రమాణాల సంస్థ, అంటే బీఐఎస్ దగ్గర తానే లైసెన్సు తీసుకోవాలి, మన దేశంలో ఒక ప్రతినిధిని పెట్టుకోవాలి. 2019లో భారత నాణ్యతా మండలి దిగుమతి బొమ్మలను పరీక్షిస్తే దాదాపు మూడింట రెండు వంతులు తప్పాయి. ఈ కట్టుదిట్టం ఆ తర్వాత వచ్చిందే. సుంకం కూడా 2020లో 20 శాతం నుంచి 60కి, 2023లో 70కి పెంచారు. ఇక్కడి తయారీదారుకు అది మేలే కావచ్చు. కానీ సుంకం కట్టిన బొమ్మ కన్ను కూడా అంతే తేలిగ్గా ఊడుతుంది.

ఊడుతుందో లేదో తేల్చేది ప్రయోగశాల. అక్కడ బొమ్మ కన్నునీ గుండీనీ పట్టి లాగుతారు, మెలిపెడతారు. ఊడిన ముక్కను 31.7 మిల్లీమీటర్ల వ్యాసమున్న చిన్న గొట్టంలో వేస్తారు. పూర్తిగా ఇమిడిపోయిందా, మూడేళ్లలోపు పిల్లలకు ఆ బొమ్మ పనికిరాదు. పసిపిల్లల గొంతును తలుచుకుని చేసిన గొట్టమది. రంగులో నుంచి కరిగి బయటికొచ్చే సీసం కిలోకు 90 మిల్లీగ్రాములు దాటకూడదు. గుర్తు వెనక ఇంత పని ఉండాలి. ఉందో లేదో దాని కింది లైసెన్సు సంఖ్య చెబుతుంది. సీఎం/ఎల్ అని మొదలయ్యే ఆ అంకెల్ని బీఐఎస్ కేర్ యాప్‌లో కొడితే ఏ ఫ్యాక్టరీదో, లైసెన్సు బతికుందో లేదో తెలుస్తుంది.

నేను మా ఊరి బజారుకెళ్లి పెట్టెలు తిప్పి చూశాను. కొన్నిటి మీద గుర్తే లేదు. ఒకదాని మీద గుర్తుంది, కింద అంకెల్లేవు. "మూటల్లెక్కన వస్తాయండీ, మేం విప్పి చూస్తామా?" అన్నాడు దుకాణదారు. ఆయన్ని తప్పుపట్టి ఊరుకోలేను. 2023 జనవరిలో బీఐఎస్ విమానాశ్రయాల్లో, మాల్స్‌లో ఉన్న దుకాణాల నుంచి కూడా గుర్తులేని బొమ్మల్ని వేలకొద్దీ పట్టుకుంది. అద్దాల దుకాణాల్లోనే అలా ఉంటే, తోపుడుబండి దాకా ఎవరొస్తారు? ఎప్పుడో ఒక దాడి, మర్నాడు పేపర్లో ఫొటో, ఇది చాలదు. జిల్లాకింత మంది ఇన్‌స్పెక్టర్లు నెలనెలా బజార్లో నాలుగు బొమ్మలు కొని ప్రయోగశాలకు పంపాలి. తప్పిన వాటి పేర్లు తెలుగులో అందరికీ చెప్పాలి.

కొండపల్లి, ఏటికొప్పాక బొమ్మల సంగతి వేరు. భౌగోళిక గుర్తింపు ఉన్న బొమ్మలకూ, నమోదైన హస్తకళాకారులకూ ఈ నిబంధన నుంచి మినహాయింపు ఇచ్చారు. ఇవ్వాల్సిందే. తెల్లపొణికి చెక్కుకునే మనిషి ప్రయోగశాల ఎక్కణ్ణుంచి తెస్తాడు? అయినా ఆ బొమ్మ కూడా పిల్ల నోట్లోకే వెళుతుంది. ఏటికొప్పాకలో లక్కకు సహజ రంగులు కలిపే పద్ధతిని సి.వి.రాజు వంటివారు నిలబెట్టారు. కొండపల్లిలో ఇప్పుడు ఎనామిల్ రంగులూ వాడుతున్నారు. అక్కడి రంగు డబ్బాలను ప్రభుత్వమే తన ఖర్చుతో పరీక్షించి, మంచివేవో కళాకారుల చేతిలో పెట్టాలి.

కుక్కపిల్ల పెట్టెను కోడలు నాలుగు వైపులా తిప్పి చూసింది. అంకెలు ఎక్కడా లేవు. ఫొటో తీసి అదే యాప్‌లో ఫిర్యాదు పెట్టింది.