నెత్తళ్లును రైతును

నెత్తళ్లు పట్టపువారి సొమ్ము, వానితో మనకేమి పనియని మన సంఘ సభ్యులలో ననేకుల తలంపు. సంతలో ఎండు నెత్తళ్లను కొని పులుసు పెట్టుకొనుటతో మన సంబంధము తీరినదని యెంచెదరు. ఇది సరికాదని నా యభిప్రాయము. ఆ చేప బ్రదుకునందు మన పొలములకును పాలు కలదు.

నెత్తళ్లు జానెడైనను పెరుగవు. పెక్కు రకములు నాలుగంగుళములకు లోపుననే నిలుచును. ప్రక్కను వెండిచార యొకటి తోకవరకు సాగును. ఆయువు సాధారణముగా ఒకటి రెండేండ్లు. గ్రుడ్లు నీటిలో తేలుచు ఒకటి రెండు దినములలో పిల్లలగును. వానికి తల్లి కాపుదల లేదు. నీట తేలు సూక్ష్మజీవులు, అందు ముఖ్యముగా రొయ్యలకు దూరపు చుట్టములైన మిక్కిలి చిన్న పురుగులు, వీని యాహారము. వంజరము మొదలగు పెద్దచేపలకు నెత్తళ్లే యాహారము.

ఇవి లోతు సముద్రమున గాక తీరమునకు చేరువను గుంపులుగా తిరుగును. ఊటుకూరుకడ పెన్నయు, కృష్ణపట్నముకడ కండలేరును కడలి గలియుచోట్ల, వఱదనీరు తెచ్చిన సారముచే నీటిలోని సూక్ష్మమైన మొక్కలు పెరుగును. వానిని పురుగులు తినును. పురుగులను నెత్తళ్లు తినును. పొలమున పురుగును చంపు మందు ఈ పురుగులను కూడ చంపును. మందు చల్లిన మరునాడే మడవ విప్పినచో ఆ నీరు మురుగుకాలువలగుండ అచ్చటికే చేరును.

చిన్నచేప తరుగనిదనుట భ్రమ. పెరూ దేశమున ఈ కుటుంబపు చేపనే మేతపొడికై మితిమీరి పట్టిరి. 1972లో సముద్రపు వేడిమియు తోడగుటచే ఆ పంట కూలిపోయినది. మన తీరమున ఏప్రిల్ 15 మొదలు జూన్ 14 వరకు 61 దినములు యంత్రపు పడవలు వేట మానుచున్నవి. జాలరులు తమ వంతు నష్టము సహించుచుండగా మన వంతేది?

మందు లేక పంట దక్కునా యని కొందరడుగవచ్చును. మందు మానుడని నేననను. పురుగు హెచ్చినప్పుడే చల్లుడు. చల్లిన పిమ్మట కొన్నాళ్లు నీటిని మడిలోనే నిలుపుడు. మందు డబ్బాలను కాలువలో కడుగకుడు. ఇసుకమీద గాక తట్టులపై శుభ్రముగా నెండబెట్టిన నెత్తళ్లను మన సంఘము జాలరుల సంఘమునుండి నేరుగా కొనవలెను. ముండ్లతో తినదగిన యీ చేప మన బిడ్డల యెముకలకు బలము. జాలరికి న్యాయమైన వెల.

1895లో సహకార పరపతినిగూర్చి నివేదిక వ్రాసి మన సంఘములకు దారిచూపిన నికల్సన్ దొరయే, 1907లో ఏర్పడిన మదరాసు మత్స్యశాఖను నడిపెను. రైతును జాలరిని ఆయన వేరుగా చూడలేదు. మనమేల చూడవలెను? ఈ సంగతిని రాబోవు సర్వసభ్య సమావేశమున చర్చింప గోరుచున్నాను.