పాత కార్లకు కొత్త దీపాలు



పాత అంబాసిడరు, పద్మిని కార్లను ఇంటి మనిషివలె చూచుకొను కుటుంబములు మా బళ్ళారిలో ఇంకను కొన్ని కలవు. అంబాసిడరు తయారీ 2014లో నిలిచిపోయినది. డాష్‌బోర్డులోని చిన్న బల్బు మాడిపోయినచో, దాని స్థానమున ఎల్.ఇ.డి. దీపమును పెట్టించుట ఇప్పుడు పరిపాటి యైనది. ఈ విషయమై మీ పాఠకులకు ఒక మాట విన్నవింపగోరుదును.

ఈ మార్పులో మంచి లేకపోలేదు. పాత బల్బు తీసుకొను కరెంటులో అధికభాగము వేడిగానే పోవును. మా ఎండలకు అసలే పెళుసుబారిన ప్లాస్టిక్ తొడుగులు ఆ వేడికి మరింత చెడును. ఎల్.ఇ.డి. అంతగా కాగదు, కరెంటు తక్కువ తీసుకొనును. స్పీడు, పెట్రోలు ముల్లులు కనబడుటకై వెలుగు దీపములను నిరభ్యంతరముగా మార్చుకొనవచ్చును. అయితే కండ్లు చెదరు నీలికాంతి మాత్రము వలదు. దానిని చూచిన కంటికి ఎదుటి చీకటిరోడ్డు సరిగా ఆనదు.

అసలు చిక్కు ఎర్రని ఛార్జింగు దీపముతో వచ్చును. తాళము తిప్పగనే వెలిగి, ఇంజను అందుకొనగనే ఆరిపోవు దీపమిది. ఆల్టర్నేటరు గల అనేక పాతబండ్లలో, బ్యాటరీ కరెంటు ఈ బల్బు గుండానే పోయి ఆల్టర్నేటరులోని తీగచుట్టకు మొదటి అయస్కాంతశక్తి నిచ్చును. 12 వోల్టుల, 2.2 వాట్ల బల్బు సుమారు 180 మిల్లీ ఆంపియర్లను పోనిచ్చును. చిన్న ఎల్.ఇ.డి. 20 పోనిచ్చుటయే గొప్ప. అది చాలనిచోట ఆల్టర్నేటరు పని మొదలుపెట్టదు, బ్యాటరీ నిండదు. పైగా ఎల్.ఇ.డి.లో కరెంటు ఒక్క దిక్కుననే పారును. తిరగవేసి బిగించినచో దీపము వెలుగదు, కరెంటు కూడ పోదు. డైనమో గల మరీ పాతబండ్లలో విద్యుత్తు పుట్టుటకు ఈ దీపముతో పని లేదు.

మా బండికి ఒక దుకాణమున దీపములన్నియు ఒక్కమారుగా మార్చిరి. గుంతకల్లునుండి రాత్రివేళ వచ్చుచుండగా హెడ్‌లైట్లు క్రమముగా మందగించి, నడిరోడ్డున బండి ఆగిపోయినది. వెంట వృద్ధురాలైన మా తల్లిగారు, పసిపిల్లలు ఉండిరి. ప్రక్కనుండి లారీలు దూసుకొనిపోవుచుండెను. ఛార్జింగు దీపమును తిరగవేసి బిగించిరని మరునాడు తెలిసినది. ఆపదను తెలుపవలసిన దీపమే ఆపదకు కారణమైనది.

కావున ఛార్జింగు దీపమునకు పాతరకపు బల్బునే ఉంచుట మేలు. మార్చక తప్పనిచో తగిన రెసిస్టరును దానికి సమాంతరముగా కలుపవలెను. పని ముగిసిన పిమ్మట మూడు పరీక్షలు చేయవలెను. తాళము తిప్పగనే ఎర్రదీపము వెలుగవలెను. ఇంజను అందుకొన్న పిదప ఆరవలెను. అప్పుడు బ్యాటరీవద్ద మీటరు సుమారు 14 వోల్టులు చూపవలెను. ఇందుకు ఐదు నిమిషములు చాలును. ఈ పరీక్షలు చూపకుండ కూలి పుచ్చుకొనరాదను నియమమును మెకానిక్కులు తమంత తామే పెట్టుకొనినచో అందరికిని మేలు. బండి యజమానులును అడిగి చేయించుకొనవలెను. అందము కొరకు పెట్టు దీపమునకును, ప్రాణరక్షణ కొరకు పెట్టిన దీపమునకును గల భేదమును బిగించువాడు ఎరిగియుండుట అవసరము.

ఇట్లు,
ఒక పాఠకుడు
కంటోన్మెంట్, బళ్ళారి