నీళ్లలో నిలబడి వాడిపోతున్న అరటి

వానలు మొదలైన దగ్గర్నుంచి మన సంఘం కార్యకర్తలు ఏ అరటి తోటకు వెళ్లినా ఒకటే మాట వింటున్నారు. "ఆకు పండబారుతోంది, ఏ మందు కొట్టాలి?" అని. మందు సంగతి తర్వాత. ముందు చెట్టు పక్కన జానెడు తవ్వి చూడమంటే చాలా తోటల్లో పారకు బురద అంటుకుని వస్తోంది. పీకిన వేరు నల్లగా, మెత్తగా ఉంది. నలిపితే పై తోలు ఊడి చేతికి వస్తోంది, మురుగు వాసన కొడుతోంది. ఆ తోటకు ముందుగా చెయ్యవలసిన వైద్యం మోటారు ఆపడం.

అరటికి ఎంత నీరు పెట్టినా చాలదని మనందరికీ చిన్నప్పటి నుంచి ఉన్న నమ్మకం. అందులో నిజం లేకపోలేదు. పంట కాలమంతటికీ 1800 నుంచి 2000 మిల్లీమీటర్ల దాకా నీరు తాగే పంట ఇది. అయితే దాని వేళ్లలో ఎక్కువ భాగం పై అడుగు, అడుగున్నర మట్టిలోనే పరుచుకుంటాయి. ఆ మట్టిలో గాలి ఆడకపోతే వేరు చస్తుంది. రెండు రోజులు మించి నీరు నిలిస్తే దెబ్బ తగిలినట్టే. వేరు చచ్చాక చుట్టూ ఎంత నీరున్నా చెట్టు తాగలేదు, ఆకు వాడుతుంది. వాడిందని మనం మళ్లీ మోటారు వేస్తాం. పసుపు తిరిగిందని యూరియా చల్లుతాం. ఆ యూరియా కొంత నీటితో వేరుకు అందనంత కిందికి దిగిపోతుంది, కొంత గాలిలో కలిసిపోతుంది. బస్తా డబ్బూ పోయె, చెట్టూ పోయె.

దాహమో, నీరెక్కువో తేల్చుకోవాలంటే పొద్దున్నే తోటకు వెళ్లాలి. మిట్టమధ్యాహ్నం అరటి ఆకు ఈనెకు రెండు వైపులా కిందికి ముడుచుకోవడం ఎండ నుంచి తనను తాను కాపాడుకునే పద్ధతి. సాయంత్రానికి తేరుకుంటుంది, కంగారు పడనక్కర్లేదు. తెల్లవారేసరికి, నేల తడిగా ఉండగానే ఆకు వేలాడుతుంటే మాత్రం అనుమానించాలి. కింది ఆకులు ముందుగా పసుపెక్కడం, సుడి ఆకు ఆలస్యంగా, చిన్నగా రావడం, చేత్తో నెడితే చెట్టు మొదలంటా ఊగడం, చాళ్ల మధ్య పాచి పట్టడం కూడా తోడైతే ఇక సందేహం లేదు. జానెడు లోతు మట్టి తీసి పిడికిట్లో నొక్కండి. వేళ్ల సందుల్లోంచి నీరు కారినా, బురదలా అంటినా ఎక్కువైనట్టు. ఉండ కట్టి, కింద పడేస్తే విరిగితే సరిపడా ఉన్నట్టు. ఉండే కట్టకపోతే తడి ఇవ్వండి. ఇసుక నేలలకు ఈ పరీక్ష అంతగా పనికిరాదు, అక్కడ వేరునే చూడాలి. తెల్లగా, గట్టిగా ఉంటే ఆరోగ్యమే.

పనామా తెగులుతో దీన్ని పొరబడకూడదు. అమృతపాణి వేసినవారు మరీ జాగ్రత్త. పనామాలో ఆకులు అంచుల నుంచి పసుపెక్కి, కాడ దగ్గర విరిగి కాండం చుట్టూ వేలాడతాయి. కాండం మొదట్లో నిలువునా చీలుతుంది. అడ్డంగా కోస్తే లోపల ఎరుపు కలిసిన గోధుమ రంగు చారలు కనిపిస్తాయి. అలాంటి చెట్టు ఒక్కటున్నా ఆ మడి నీరు పక్క మడికి పారనివ్వొద్దు. తెగులు నీటి వెంటే నడుస్తుంది.

ఇప్పటికే నీరు నిలిచిన తోటల్లో చాళ్ల మధ్య అడుగున్నర లోతున కాలువ తీసి, వాలు చూసుకుని నీటిని బయటికి పంపాలి. నేల ఆరేదాకా ఎరువు వెయ్యొద్దు, బురదలో తొక్కొద్దు. గెల వేసిన చెట్లకు వెంటనే గెడలు కట్టండి, వేరు పట్టు తప్పిన చెట్టు చిన్న గాలికే ఒరుగుతుంది. ఆరాక లీటరు నీటికి 5 గ్రాముల పొటాషియం నైట్రేట్ ఆకుల మీద పిచికారీ చేస్తే, కొత్త వేరు వచ్చేలోగా చెట్టుకు కొంత ఆధారం దొరుకుతుంది.

ఇంతవరకూ మన చేతిలో ఉన్న పని. మన చేతిలో లేనిది కూడా చెప్పుకోవాలి. నీరెక్కువ పెట్టడానికి రైతుకు అవగాహన లేకపోవడమే కారణమని అధికారులు సభల్లో అంటుంటారు. మేము ఒప్పుకోం. కరెంటు ఎప్పుడొస్తుందో ఎప్పుడు పోతుందో తెలియని చోట రైతు ఆటో స్టార్టర్ పెట్టి ఇంటికి వస్తాడు. అర్ధరాత్రి అరటి తోటలో పాముల మధ్య తిరగమని చెప్పేవారు ఒక్క రాత్రి వచ్చి తిరిగి చూడాలి. లెక్క చూడండి. చెట్టుకు రెండు డ్రిప్పర్లు, ఒక్కొక్కటి గంటకు 4 లీటర్లు ఇస్తే గంటకు 8 లీటర్లు. గెల వేసిన చెట్టుకు మండు వేసవిలోనైనా రోజుకు 20, 25 లీటర్లు చాలు. అంటే మూడు గంటలు. వాల్వు తిప్పే మనిషి లేక 9 గంటలూ ఒకే వైపు నడిస్తే 72 లీటర్లు. వానాకాలంలో ఇక చెప్పేదేముంది.

ఉచితం కాబట్టే రైతు నీరు వృథా చేస్తున్నాడనే వాదన ఈ లెక్క చూపించి మొదలుపెట్టేవారు ఉంటారు. 2004లో వచ్చిన ఉచిత విద్యుత్తు జోలికి ఎవరొచ్చినా ఊరుకోం. పగటిపూట, చెప్పిన గంటకు, మధ్యలో పోకుండా ఇవ్వండి, ఆ తర్వాత వృథా గురించి మాట్లాడదాం.

కోనసీమ వైపు కష్టం మరో రకం. అక్కడ నీరు పెట్టడం కన్నా బయటికి పంపడమే గగనం. రైతు తన తోటలో ఎంత చక్కగా కాలువ తీసుకున్నా, పూడికతో, గుర్రపు డెక్కతో నిండిన పెద్ద డ్రెయిన్ వెనక్కి తన్నితే ఆ నీరు మళ్లీ తోటలోకే వస్తుంది. కౌలు ముందే కట్టేసిన రైతు ఎవరికి చెప్పుకోవాలి? డ్రెయిన్ల పూడికతీత వేసవిలో, కాలువలు కట్టేసిన రోజుల్లోనే పూర్తి కావాలి. వానలు పడ్డాక యంత్రం దింపితే బిల్లులు తప్ప నీరు కదలదు.

ఈ నెల గ్రామ శాఖల సమావేశాలకు వచ్చే అరటి రైతులు తమ మోటారుకు కరెంటు ఏ గంటకు వచ్చింది, ఎన్నిసార్లు పోయింది పదిహేను రోజులు కాగితం మీద రాసి తీసుకురావాలి. డెల్టా రైతులు తమ తోట నీరు ఏ డ్రెయిన్‌లోకి పోవాలో, ఎక్కడ ఆగిపోతోందో రాయండి. వినతిపత్రంతో పాటు ఆ కాగితాలన్నీ విద్యుత్తు, నీటిపారుదల కార్యాలయాల్లో అందజేసి, రసీదు తీసుకుని వస్తాం.