బావికి మంచినీరు, బస్రాకు ఉప్పునీరు

యంత్రానికి వర్గం లేదు, నీటికి రాజకీయం లేదు అనే మాట మన విద్యావంతుల్లో బాగా చెలామణీ అవుతోంది. పెట్రోలియం ఇంజనీరింగు చదువుకున్న నా పాత శిష్యుడొకడు మొన్న యిదే వాదం తెచ్చాడు. చమురు నేల అడుగున చెరువులాగా నిలిచి వుండదు, రాతి రంధ్రాల్లో యిమిడి వుంటుంది. తోడేకొద్దీ లోపలి ఒత్తిడి పడిపోతుంది. వేరే బావుల ద్వారా నీరు ఎక్కిస్తే ఒత్తిడి నిలబడుతుంది, ఆ నీరు చమురును ముందుకు నెట్టుకొస్తుంది. "యిందులో దోపిడీ ఎక్కడుంది మాస్టారూ?" అన్నాడు.

పద్ధతిలో లేదు, ఒప్పుకుంటాను. అమెరికాలోని పెన్సిల్వేనియాలో 19వ శతాబ్దంలో పాడుబడ్డ బావుల్లోకి అనుకోకుండా నీరు దిగి, పక్క బావుల్లో చమురు పెరిగితేగాని యీ సంగతి మనుషులకు బోధపడలేదు. అక్కడి చట్టం దీన్ని 1921 దాకా నిషేధించింది కూడా. నీరు ఎక్కించకపోతే చాలాచోట్ల చమురులో అధికభాగం రాతిలోనే వుండిపోతుంది. శాస్త్రం మీదనే అలిగే మిత్రులతో నాకు పొత్తు కుదరదు.

అయితే ఏ నీరు? ఎవరి నీరు? నా శిష్యుడి లెక్కలో యీ ప్రశ్నకు చోటు లేదు.

దక్షిణ ఇరాక్‌లో, బస్రా నగరానికి పడమట, 1953లో కనుగొన్న రుమైలా చమురుక్షేత్రం వుంది. గర్మత్ అలీ దగ్గర నదినీటిని తోడి, శుద్ధిచేసి, గొట్టాల్లో దానికి పంపే ఏర్పాటు దశాబ్దాలనాటిది. బ్యారెల్ చమురు తీసిన చోటు నిండాలంటే దాదాపు బ్యారెల్ నీరు, ఒక్కోచోట అంతకు మించి, కావాలి. అదే బస్రాలో 2018 వేసవిలో, చెడిన నీటివల్లనే అని వైద్యులు చెప్పిన జబ్బులతో, కనీసం 1,18,000 మంది ఆస్పత్రుల పాలయ్యారు. జనం వీధుల్లోకి వచ్చారు. ప్రభుత్వ భవనాలు తగలబడ్డాయి.

యీ పాపమంతా చమురు బావులదే అంటే అబద్ధమవుతుంది. ఎగువన టర్కీ, ఇరాన్ కట్టిన ఆనకట్టలు, కరువు, షత్-అల్-అరబ్‌లోకి ఎగదన్నిన సముద్రం, నదిలో కలిసిన మురుగు, అన్నీ వున్నాయి. నదినీటిలో చమురు వాటా చిన్నదేనని కంపెనీల తరఫు వాదం. నిండుకుండలోంచి చెంబెడు తీయడమూ, అడుగంటిన కుండలోంచి చెంబెడు తీయడమూ వొకటేనా?

పోనీ, మరో దారి లేదా అంటే సముద్రం పక్కనే వుంది. సౌదీ అరేబియా తన ఘవార్ క్షేత్రానికి 1970ల చివరినుంచే సముద్రపు నీటిని శుద్ధిచేసి పంపుతోంది. బస్రా క్షేత్రాలకూ అటువంటి ఉమ్మడి పథకం వేసి, 2010లో ఎక్సాన్ మొబిల్‌కు నాయకత్వం వొప్పగించారు. 2012లో ఆ కంపెనీ తప్పుకుంది. మళ్ళీ 2023లో ఫ్రెంచి కంపెనీ టోటల్‌ఎనర్జీస్‌తో చేసుకున్న ఒప్పందంలో సముద్రపు నీటికి చోటు దొరికింది. పదమూడేళ్ళు! యీలోగా ఇరాక్ చమురు ఉత్పత్తి మాత్రం పెరిగింది.

మరి రుమైలా బావుల సంగతి? వేలం 2009 జూన్‌లో. బ్రిటిషు కంపెనీ బీపీతో, దాని చైనా భాగస్వామితో ఒప్పందం అదే ఏడు నవంబరులో. అయిదు నెలలైనా పట్టలేదు.

యీ రెండు తేదీల లెక్కా రాసి నా శిష్యుడికి ఉత్తరం వేశాను. నీటికి రాజకీయం లేదన్నవాడు యిందుకు ఏ సూత్రం చెప్తాడో, జవాబు యింకా రావలసి వుంది.